ముందు తలుపు

లండన్‌లో ఆ మేడ ఒకటే, తలుపులు రెండు. ఫ్లాట్లు కొనుక్కున్నవాళ్లకు ముందు తలుపు, చౌక అద్దెవాళ్లకు చెత్తకుండీల పక్కన సందు తలుపు. ముందు తలుపు వైపుండే స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లిన ఏడేళ్ల కూతురు కొత్త గౌనుతో సందు తలుపులోంచి తిరిగి రావడం చూసి తల్లి ఎదురెళ్లింది.

"ఫ్లోరా పుట్టినరోజు అప్పుడే అయిపోయిందేంటే?"

"ముందు తలుపు దగ్గర కాపలా అంకుల్ పోనివ్వలేదమ్మా."

"ఫ్లోరా పిలిచిందని చెప్పలేకపోయావా?"

"చెప్పా. వాళ్లమ్మ కిందికొచ్చింది. కానుక తీసుకుని వెళ్లిపోయింది."

తల్లి వంగి పిల్ల జోళ్లు విప్పబోయింది.

"అందరం ఒకే మేడలో ఉన్నాం కదమ్మా?"

"గోడలు ఒకటేనే తల్లీ. డబ్బు వేరు."

"మరి నువ్వు రోజూ ఆ తలుపులోంచే వెళ్తావుగా?"

"నేల తుడవడానికి వెళ్తాను. చేతిలో బకెట్ ఉంటే ఎవరూ ఆపరు."

పిల్ల చెయ్యి చాచింది.

"అయితే నీ బకెట్ ఇవ్వమ్మా. ఇంకా కేక్ కోసుండరు."