సాంచెల అడ్డా

2021 మార్చి నెలాఖరు, ఆదివారం మధ్యాహ్నం. సూరత్‌లోని అమ్రోలి. కింది గదిలో ఒంటరిగా ఉండే సిరిసిల్ల నుంచి వచ్చి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే కార్మికుడు రాజలింగం రెండో అంతస్తు మెట్ల మీద కూర్చున్నాడు. గ్రిల్ తలుపుకు అవతల, రైల్వే ఉద్యోగి కూతురు వర్షిణి ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉంది. ఇద్దరికీ మాస్కులున్నాయి, ఆయనది ఎప్పటిలాగే గడ్డం కిందికి జారింది.

“మన అడ్డాల ఎంతమందయిన్రు బిడ్డా?”

“ఒక్కరే అంకుల్.”

“నేను గాక ఒక్కలా?”

“ఆ ఒక్కరూ మీరే.”

“మూన్నెల్ల సంది నేనొక్కన్నేనా?”

“రాసేదీ మీరే, చదివేదీ మీరే. శివరాత్రికి శుభాకాంక్షలు కూడా మీకు మీరే చెప్పుకుని నాకు చదివి వినిపించారు.”

“చెప్పుకుంటే తప్పేంది? ఎవలన్న వస్తే సూస్తరని పెట్టిన. సర్లే. తీసెయ్యి.”

“ఏది?”

“మొత్తం తీసెయ్యి. ఇల్లు గట్టినం, ఎవ్వలు రాకపాయె. దీపం వెట్టుడెందుకింక?”

“వారం రోజులు కూర్చుని పెట్టాను అంకుల్, నా ప్రాజెక్టు సర్వర్‌లో. డేటాబేస్ రెండుసార్లు మొదటికొచ్చింది. మీరే కదా అన్నారు, ‘వాట్సాప్ గ్రూపుల కెళ్లి నన్ను గెంటేసిన్రు, నన్నెవడు గెంటరాని సొంత ఫేస్‌బుక్ పెట్టియ్యి’ అని?”

“అన్న. కాదంటున్ననా? గెంటినోడు ఎవడు? సోమలింగం. పందొమ్మిదేండ్లు బిడ్డా. పగటి డ్యూటీ వాడు, రాత్రి డ్యూటీ నేను. తొమ్మిదో నంబరు సాంచె. వాడు దిగంగనే నేనెక్కుడు. వాని శెయ్యి వేడి మిషిన్ మీద అట్లనే ఉండేది.”

“తెలుసు అంకుల్.”

“లాక్‌డౌన్ల వాడు, అందరు ఊరికి రైలెక్కిన్రు. షెడ్డుకు కాపలుండు రాజలింగం అన్నడు సేఠు. నాకు ఊళ్లె ఎవలున్నరని? ఉంటి. గంతకే గ్రూపుల నన్ను సేఠు కుక్క అన్నడు.”

“మీరూ ఏదో అన్నారుగా?”

“వాని నాయిన దాక వోయిన. నడిమిట్ల ఆ పెద్దమనిషి ఏం జేసిండు పాపం! బస్, సోమలింగం నన్ను గ్రూపుల కెళ్లి తీసేసిండు.”

“మీరు సిమ్ము విరిచి తాపీ నదిలో పడేశారు.”

“కోపం! నంబర్లన్ని అండ్లనే ఉండె. ఒక్కటి గూడ నోటికి రాదు.”

“సిరిసిల్ల బస్సు డ్రైవరుకు కాగితం ఇచ్చి పంపినప్పుడు, అడ్డా పేరుతో పాటు మీ కొత్త నంబరు కూడా రాయమన్నాను. రాయలేదు.”

“అడ్డా పేరు రాసిన గదా. ఊళ్లె హోటల్ గోడకు గూడ అతికిచ్చిండట. నంబరు గూడ రాస్తే నేను వాని కాళ్లు వట్టుకున్నట్టు గాదా?”

“పోనీ, ఆ కాపలా కాసిన షెడ్డైనా—”

“అది యాది జెయ్యకు. దీపావళికి తాళమేసిండు సేఠు. ఎవని కోసం ఉంటినో వాడు గూడ లేడు. తీసెయ్యి బిడ్డా. నా పేరొక్కటే అట్ల కనవడుతుంటే... పానం ఎట్లనో అయితది.”

“సరే. మీ పాస్‌వర్డ్ చెప్పండి. తాళంచెవి మీ దగ్గరే ఉండాలని నన్ను లోపలికే రానివ్వలేదుగా.”

“అదే గావాల్నా?”

“బయటికి సభ్యుల సంఖ్య తప్ప ఏదీ కనిపించదు. అది లేకుండా తీయలేను.”

“నేనే కొడ్త. ఇటియ్యి.”

“చేతులు కడుక్కున్నారా? చెప్పండి అంకుల్, ఎవరికీ చెప్పను.”

“సోమలింగం.”

“ఆయన గురించి కాదు, పాస్‌వర్డ్.”

“అదే. సోమలింగం, ఎన్క తొమ్మిది.”

“ఓ.”

“నవ్వకు. మతికుండాలె గదా మరి.”

“నవ్వట్లేదు అంకుల్.”

“ఒచ్చిందా?”

“వచ్చింది. అడుగుతోంది... ‘ఇవన్నీ చెరిగిపోతాయి, మళ్లీ తిరిగి రావు.’”

“ఒత్తు.”

“‘సభ్యులు ఒకరు...’”

“ఎన్నిమాట్లు జెప్తవది? ఒత్తు.”

“ఆగండి, ఆగండి. ‘అనుమతి కోసం ఎదురుచూస్తున్నవారు ముప్పై ఏడుగురు.’”

“ఏంది?”

“ముప్పై ఏడుగురు. బయట.”

“యే బయట?”

“గేటు బయట అంకుల్! మీరే పెట్టమన్నారు! ‘మా కార్ఖానల కొత్తోడు వస్తే గేటు కాడ నిలవడతడు, లోపటోడు వొయ్యి నా మనిషే అంటెనే రానిస్తరు, ఇండ్ల గూడ గట్లనే ఉండాలె’ అని. పేరు పక్కన ఎర్ర చుక్క వస్తే నొక్కండి అని వందసార్లు చెప్పాను.”

“ఎర్ర చుక్క... ఒచ్చింది.”

“వస్తే?”

“రోజు పెద్దగైతుండె. ముట్టలే.”

“ఎందుకు?”

“సాంచె మీద ఎర్ర లైటుబుగ్గ వెలిగిందంటే ఏదో తెగినట్టు బిడ్డా. మిషిన్ బాగుజేసే మాస్టర్ వచ్చేదాక ముట్టద్దు. నువ్వు గంత కష్టపడి పెడితే నేనేదో ఖరాబ్ జేసిన్ననుకున్న. నీకు జెప్తే బాధపడ్తవని...”

“అయ్యో అంకుల్. ఇందులో నేనూ ఉన్నాను. మొట్టమొదటి పేరు నాదే.”

“నువ్వా? మరి అడగకపోతివి?”

“మీ వాళ్ల మధ్యలో నేనెందుకు అనుకున్నారేమోనని. నాకు మాత్రం ఈ బిల్డింగులో మాట్లాడేవాళ్లు ఎవరున్నారు? క్లాసులన్నీ ఈ ల్యాప్‌టాప్‌లోనేగా.”

“తప్పయింది బిడ్డా. నీ ఎన్క ఎవలున్నరు?”

“గంగవ్వ కొడుకు... సారక్క వాళ్లాయన... పోశమ్మ మనవరాలు... ఇదిగో, జనవరి పంతొమ్మిది. సోమలింగం.”

“యే సోమలింగం?”

“ఎందుకు చేరుతున్నారో రాయమని గడి పెట్టాం కదా, అందులో రాశాడు. ‘తొమ్మిదో నంబరు. గేటు కాడ నిలవడ్డ. నా మనిషే అని చెప్పెటోనివి లోపట నువ్వొక్కనివే గదా.’”

“జనవరిల రాసిండా?”

“ఫిబ్రవరిలో మళ్లీ రాశాడు, ఇంకో మెయిల్ మీద. ‘కుక్క అన్నది తప్పే. ఇంకెన్ని దినాలు నిలవెడ్తవు?’”

“నేను... నేను నిలవెట్టిన్నా వాన్ని?”

“మంచినీళ్లు తేనా అంకుల్?”

“ఒద్దు. ఇంకేమన్న రాసిండా?”

“ఉంది. నిన్నటిది.”

“చదువు.”

“మీరు ముందు కాస్త—”

“చదువు బిడ్డా.”

“‘షెడ్డు మూతవడ్డదట. సేఠు ఫోనెత్తుతలేడు. నువ్వు కరోనాకు వోయినవని ఊరంత అంటున్నది. నేను నమ్మలే. గని బతికుంటే నన్ను ఇన్ని దినాలు బయట నిలవెడ్తవా? నీకు ముందు ఎన్క ఎవ్వలు లేరు. బస్సెక్కుతున్న. నీ బొక్కలు, బూడిద యాడున్నయో దేవులాడి తెచ్చి గోదావరిల కలుపుత.’”

“నిన్న ఎక్కితే ఎప్పుడు దిగుతడు?”

“సాయంత్రానికి, మీ ఊరి బస్సులాగే రింగ్ రోడ్డులో దిగుతాడు. ఉండండి, ఇప్పుడే అనుమతి నొక్కుతాను, మీరున్నారని రాస్తాను. ఫోన్‌లో చూసుకుంటాడు.”

“అందరియి ఒత్తు. నీది ముందుగాల ఒత్తు. వానిది... వానిది గూడ ఒత్తు, గని ఏం రాయకు.”

“ఎందుకు? మీరెక్కడికి లేచారు? కేసులు పెరుగుతున్నాయి అంకుల్, ఆ మాస్కన్నా పైకి లాక్కోండి!”

“రింగ్ రోడ్డుకు బిడ్డా. గింత పెద్ద ఊళ్లె వాడు యాడ దేవులాడుతడు? నా బొక్కలు నేనే మోసుకపోయి వానికిస్త.”