ఒకే పెట్టెలో రెండు సర్వర్లు

మైపాడు దగ్గర రొయ్యల రైతుల సంఘం ఆఫీసు. సభ్యుల గుంటల్లో నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లను తిప్పేది అక్కడి సర్వరే. దాన్ని చూసుకునే అమ్మాయి దగ్గరికి పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చాడు.

“పాపా, నిన్న సర్వర్ పడిపోయిందంట గదా. నా గుంటలో ఒక్క రొయ్య కూడా చావలేదే!”

“పడిపోయింది కొత్త ప్రోగ్రాములు పరీక్షించే సర్వర్ తాతా. మీ ఏరియేటర్లు తిప్పేది వేరే.”

“అయితే ఆ రెండోదాన్ని చూపించు, దండం పెట్టుకుంటా.”

“రెండూ ఈ పెట్టెలోనే ఉండాయి. వర్చువల్ సర్వర్లంటారు. ఒకే మిషన్ని లోపల రెండుగా విడగొట్టినా.”

“మా తాత పడవా అంతే. మధ్యలో అడ్డపలక. ముందు సగంలో నీళ్లు నిండి చేపలు కాపురం పెట్టినా, వెనక సగంలో మా అవ్వ వడియాలు ఎండబెట్టేది.”

“పోయినసారి ఆ పడవ గాల్లో ఎగిరిందన్నారే!”

“అది ఇంకో పడవలే. నవ్వబాక, ఇది విను. ‘పరీక్షలకి వేరే ఎందుకు, ఉన్నదాంట్లోనే చెయ్యి’ అని మీటింగులో అరిచింది నేనే. నువ్వు ఒప్పుకోలేదు. నా మాట వినుంటే ఈపాటికి నాలుగెకరాల రొయ్యలు తేలిపోయుండేవి.”

“నన్ను మెచ్చుకోబాకండి తాతా. నిన్న దాన్ని పడగొట్టిందీ నేనే. ప్రోగ్రాం తప్పు రాసినా.”

“తప్పులు అందరం చేస్తాం పాపా. చెయ్యబోయే తప్పుకి ముందే వేరే గది కట్టిపెట్టిన మనిషిని మాత్రం నిన్నే చూసినా. చల్లగా ఉండు తల్లీ.”