కొండ దిగి వెళ్ళినవాడు

ఉత్తర జపాన్‌లో ఒక చేపల రేవు. పదమూడేళ్ళ కిందటి సునామీ తరవాత ఊరు మొత్తం కొండ మీదికి మారింది. అక్కడొక వంటగదిలో, మధ్యాహ్నం రెండున్నరకి, ఫిలిప్పీన్స్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళయిన ఫ్లోర్డెలిజా, ఆమె రెండో భర్త తెత్సురో.

“...అయినా నేనేం కోపం తెచ్చుకోలేదు. నవ్వి ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళ తరవాత కూడా ఏ చెత్త ఏ రోజు వెయ్యాలో నాకు పాఠం చెప్తుంది పక్కింటావిడ. వేసింది మీరు, మాట పడింది నేను. వింటున్నారా?”

“ఊఁ.”

“ఏం విన్నారు?”

“చెత్త.”

“ఏ చెత్త?”

“సీసాలు.”

“సీసాలు కాదు, డబ్బాలు. సరే, లోపలికి రండి, తలుపు వెయ్యండి, చలి. కిరసనాయిలు ఏదీ?”

“మర్చిపోయాను.”

“కిరసనాయిలుకని వెళ్ళి కిరసనాయిలు మర్చిపోయారా?”

“రేపు తెస్తాలే.”

“రెండు గంటలు ఎక్కడ తిరిగారు మరి? అన్నం పెట్టనా? అడోబో చేశాను, మా ఊరి పుల్లకూర. మీ మొహం చూసి సిర్కా తగ్గించాను.”

“తరవాత తింటాను. సచియేకి పెట్టావా?”

“పెట్టకుండా ఎప్పుడైనా ఉన్నానా? అలలో పోయిన ఇద్దరి ఫోటోల ముందూ పెట్టాను, మీ మొదటావిడకీ, నా మొదటాయనకీ. అక్కకి పులుపు పడదని మీరే అన్నారుగా, అక్కకి టోఫూ. ఆయనకి అడోబో. పదిహేడేళ్ళ కాపరంలో ఒక్కసారి కూడా నోట్లో పెట్టుకోలేదు. ఇప్పుడు మాత్రం రోజూ వద్దనకుండా తింటున్నారు.”

“నవ్వించకు.”

“మీరెక్కడ నవ్వారు? పొద్దున గుమ్మంలో మళ్ళీ తడి ఉంది, చూశారా?”

“మంచు కరిగుంటుంది.”

“వారం నుంచి మంచు లేదు. వేలితో తాకి నాలిక మీద రాసుకున్నాను. ఉప్పగా ఉంది.”

“ఎందుకు ఫ్లోరా అలాంటి పనులు చేస్తావు?”

“మా ఊళ్ళో వేడినీళ్ళు పారబొయ్యాలంటే ముందు ‘తప్పుకోండి బాబూ’ అంటాం. కంటికి కనపడని వాళ్ళ మీద పడతాయేమోనని. ఇక్కడ నేను గుమ్మం తుడిచే ముందు అంటాను. తప్పుకోండి, తుడవాలి అని. ఆయన తప్పుకుంటారు. మరుసటి రోజు మళ్ళీ వస్తారు. రేవు బూట్లతో వచ్చి నిలబడతారు, లోపలికి మాత్రం రారు. ఏదో అడగాలని ఉంటుంది, అడగరు. బతికున్నప్పుడూ అంతేగా.”

“ఇంక ఆపు.”

“నన్ను ఆపమంటారు. మీకు ఎప్పుడో కొట్టుకుపోయిన మీ కొట్టు షట్టరు చప్పుడు వినపడినప్పుడు? నిద్రలో ‘వస్తున్నా, వస్తున్నా’ అంటారు. ఎవరితో అంటారు? నాతో కాదు కదా.”

“ఫ్లోరా, పొయ్యి ఆపు.”

“రాత్రి కూర ఇంకా ఉడకాలి.”

“ఆపి కూర్చో.”

“ఆపాను. కూర్చోను. చెప్పండి.”

“కిరసనాయిలుకి వెళ్ళలేదు. పోలీసులు పిలిచారు. రేవుకి వెళ్ళాను.”

“ఎవరు దొరికారు?”

“ఏం దొరికిందని అడగాలి కదా ముందు.”

“ఎవరు దొరికారండీ?”

“పాత ఐసు ఫ్యాక్టరీ పక్కన పూడిక తీస్తున్నారు చూడు, అక్కడ యంత్రానికి ఏదో తగిలిందట. తీరా లాగితే ట్రక్కు.”

“తెల్లదా?”

“ఇంకా రంగేం ఉంటుంది? నెంబరు పలక ఉంది. కడిగి చూపించారు. మసాహికోదే.”

ఆమె గిన్నె మీద మూత పెట్టింది.

“ఫ్లోరా.”

“వింటున్నాను. ఆయన ఉన్నారా అందులో?”

“ఉన్నాడు. పరీక్షకి పంపాలట, నెల పడుతుందట. నీ సంతకం కావాలి.”

“నా సంతకం కావాలంటే నన్ను పిలవాలి. మిమ్మల్నెందుకు పిలిచారు?”

“నీ భర్తని కదా.”

“నా భర్తని పిలిచి నా భర్త దొరికాడని చెప్పారా? నాకు ఫోను లేదా? నేను ఇంట్లో లేనా?”

“నన్ను వేరే పని మీద పిలిచారు.”

“ఏం పని?”

“లోపల ఇద్దరున్నారు, ఫ్లోరా.”

“ఇద్దరెవరు?”

“పక్క సీటు కింద తాళాల గుత్తి దొరికింది. ఇత్తడి బిళ్ళ. మా నాన్న చెక్కించిన బిళ్ళ, దాని మీద మా టోఫూ కొట్టు పేరు.”

“అక్కా?”

“సచియే.”

“అక్క ఆయన ట్రక్కులో ఉందా?”

“ఉంది.”

“ఆయన ఆదివారాలు మీ కొట్టుకి వెళ్ళేవారు. ఒక టోఫూ చాలండీ అన్నా రెండు తెచ్చేవారు. ప్రతి ఆదివారం రెండు.”

“నువ్వనుకునేది కాదు.”

“నేనేం అనుకుంటున్నానో మీకేం తెలుసు?”

“అది కాదని తెలుసు. ఎందుకు కాదో నాకొక్కడికే తెలుసు. కూర్చో, నీకు దణ్ణం పెడతాను.”

ఆమె కుర్చీ లాక్కుంది.

“ముందు నీకు తెలిసిందే చెప్తాను. ఆ రోజు నా కాలికి కట్టు. పడవ మీంచి జారి విరగ్గొట్టుకున్నాను. కట్టు చూపించుకోడానికి కొండ మీద ఆస్పత్రికి వెళ్ళాను. భూమి కదిలి ఆగగానే కొట్టుకి ఫోను చేసి, నేనొచ్చేదాకా కదలకు అన్నాను సచియేతో. ఆ తరవాత ఫోన్లు పోయాయి. నీకు చెప్పింది ఇంతే కదా?”

“ఇంతే.”

“ఊరందరికీ ఇంతే చెప్పాను. అందరూ అయ్యో పాపం అన్నారు. నువ్వూ అన్నావు.”

“మిగతాది చెప్పండి.”

“సైరన్ మోగుతోంది. నేను ఆస్పత్రి ముందు కర్రల మీద నిలబడి కిందికి చూస్తున్నాను. కొట్టు కప్పు కనిపిస్తోంది. అంత దగ్గర. కర్రలతో దిగితే నాకు అరగంట. అప్పుడు వచ్చాడు మసాహికో. ట్రక్కు పక్కన పెట్టి, ఇంజను ఆర్పి దిగాడు. వాడు బయటపడ్డ మనిషి, ఫ్లోరా. కొండ మీదున్నాడు. వాణ్ణి అల ఏమీ చెయ్యలేదు అక్కడ. నేను వెళ్ళి వాడి చొక్కా పట్టుకున్నాను. సచియే నా కోసం కొట్లో కూర్చుంది, నీకు రెండు నిమిషాల దారి, దిగి వెళ్ళి తీసుకురారా అన్నాను. అల వస్తుందని తెలీదా అని అడగకు. తెలుసు. సముద్రం వెనక్కి పోవడం కనిపిస్తోంది. పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. అది చూస్తూనే అడిగాను.”

“మీరు అడిగారు.”

“నేనే.”

“మీరు అడిగితే దిగారు ఆయన.”

“అవును. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నేనడిగితే కాదనడని తెలుసు. తెలిసి అడిగాను.”

“పదమూడేళ్ళయింది.”

“అవును.”

“మన పెళ్ళయి ఏడేళ్ళు. రోజూ ఆయన ఫోటోకి దణ్ణం పెట్టాకే అన్నం తిన్నారు.”

“అవును.”

“నన్ను ఎందుకు చేసుకున్నారు? ఆయన బాకీ తీర్చడానికా?”

“మొదట అందుకే. నీతో అబద్ధం చెప్పను. వాడి మనిషి ఒంటరిగా టెంపరరీ ఇళ్ళల్లో ఉంది, వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి బతుకుతోంది, నేను చూసుకోవాలి అనుకున్నాను. తరవాత నువ్వు నన్ను తిట్టడం మొదలుపెట్టావు. కూరలన్నీ పుల్లగా చెయ్యడం మొదలుపెట్టావు. నేను దగ్గితే మీ అమ్మతో ఫోన్లో చెప్పేదానివి. అప్పట్నుంచి ఎందుకు చేసుకున్నానో నాకు గుర్తుండటం మానేసింది. గుర్తొచ్చిన రోజున షట్టరు చప్పుడు వినపడుతుంది.”

“అక్క పిలుస్తోందనుకున్నాను ఇన్నాళ్ళూ.”

“అది పిలవదు. చెప్పేశావా అని అడుగుతుంది. ఈవేళ ఆ తాళాలు చేతిలో పెట్టారు నాకు. చల్లగా ఉన్నాయి. ఇంక దాచలేననిపించింది. నువ్వు వెళ్ళిపోతానంటే వెళ్ళు. నేను ఆపను.”

“నాలుగింటికి నన్ను డ్యూటీకి తీసుకెళ్ళే ఆశ్రమం వ్యాను వస్తుంది. అది తప్ప ఎక్కడికి వెళ్తాను నేను?”

“తిట్టు పోనీ.”

“మీరు కాసేపు మాట్లాడకండి. ఇప్పుడు నేను చెప్తాను. మధ్యలో ఊఁ కూడా కొట్టకండి.”

“సరే.”

“ఆ రోజు నేను ఊళ్ళో లేను. ఎందుకు లేను?”

“వీసా కాయితాల కోసం పట్నం వెళ్ళావు.”

“ఊరందరికీ నేనూ అంతే చెప్పాను. అదృష్టవంతురాలివి అన్నారు అందరూ. వీసా లేదు, ఏం లేదు. ఆయన్ని వదిలేసి వెళ్ళిపోతున్నాను ఆ రోజు.”

“ఫ్లోరా.”

“మాట్లాడొద్దన్నాను కదా. నాకు ఇరవైరెండేళ్ళప్పుడు టౌను హాల్లో పెళ్ళిచూపులు. పదిమంది అమ్మాయిలం, పదిమంది జాలర్లు. ఆయన మాట్లాడలేదు. సిగ్గనుకుని ఒప్పుకున్నాను. అది సిగ్గు కాదు, మనిషే అంత. అత్తగారు నయం, పచ్చడి ముక్కలు లావుగా తరిగానని చేతి మీద కొట్టేది. కొడితే మనిషి ఉన్నట్టు తెలిసేది. ఆవిడ పోయాక ఇంట్లో చప్పుడంటే టీవీ ఒక్కటే. చెడ్డవాడు కాదు, తాగడు, తిట్టడు. పొద్దున నాలుగింటికి లేచి గుల్లలు పెంచే తెప్పల మీదికి పోతాడు, వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. ఆ చలికాలం మా అమ్మ మంచాన పడింది. మా ఊరు వెళ్ళొస్తానన్నాను. సీజన్ అయ్యాక అన్నారు. ఆ ఒక్క మాట. మూడుసార్లడిగాను, మూడుసార్లూ అదే మాట. నాలుగోసారి అడగలేదు. టికెట్టు కొనుక్కున్నాను.

“ఉత్తరం రాసి సోయా సీసా కింద పెట్టాను. నాకొచ్చింది చిన్నపిల్లలు రాసే అక్షరాలేగా, వాటితోనే రాశాను. పన్నెండు గంటల బస్సుకి వెళ్ళిపోతున్నాను, మా అమ్మ దగ్గరికి, మళ్ళీ రాను, నన్ను వెతకొద్దు అని. ఇంకో మాట కూడా రాశాను. మీ ఇంట్లో నేను ఉన్నా లేకపోయినా మీకు తేడా తెలీదు అని.

“బస్సు కొండల్లో ఉండగా భూమి కదిలింది. రోడ్డు విరిగిపోయింది. రెండు రోజులు నడిచి వెనక్కొచ్చాను. ఎందుకొచ్చానని అడగకండి, నాకూ తెలీదు. వచ్చేసరికి ఇల్లు లేదు, ఉత్తరం లేదు, మనిషి లేడు. ఇద్దరు చెప్పారు నాతో, మీ ఆయన్ని కొండ మీద చూశాం అని. మళ్ళీ కిందికి బండి పోనిచ్చాడమ్మా, నీ కోసమే అయ్యుంటుంది అన్నారు. నేను తలూపాను. లోపల మాత్రం వేరే అనుకున్నాను. ఉత్తరం చదివాడు, బతకడం ఎందుకనుకున్నాడు, అందుకే దిగాడు అని. పదమూడేళ్ళు అదే అనుకున్నాను. గుమ్మంలో తడి చూసినప్పుడల్లా, నేను లేకపోతే నీకు తేడా తెలిసిందా లేదా అని అడగడానికి వచ్చారనుకునేదాన్ని. అందుకే అమ్మ పోయినా నేను ఇక్కణ్ణుంచి కదల్లేదు. ఎక్కడికి కదులుతాను? ఆయన వెతుక్కుంటూ వస్తే ఉండాలి కదా.”

“ఇప్పుడు మాట్లాడొచ్చా?”

“ఆగండి. మీరు చెప్పింది విన్నాక నాకు కోపం రావాలి. వస్తుందేమో, రేపో ఎల్లుండో. అప్పుడు వంటింట్లోకి రాకండి. ఇప్పుడు మాత్రం రావడం లేదు. మీరు అడిగారు కాబట్టి దిగారు. నా వల్ల కాదు. ఇది మీ నోటితో ఇంకోసారి చెప్పండి.”

“నీ వల్ల కాదు.”

“రేవు నుంచి తిన్నగా కొండకే వచ్చుంటారు కదా. ఇంటికి వెళ్ళే వ్యవధి ఎక్కడిది? ఉత్తరం చూసి ఉండరు. కదా?”

“ఫ్లోరా, వ్యానుకి ఫోను చెయ్యి. ఈవేళ రాలేనని చెప్పు.”

“చూడలేదని చెప్పండి.”

“చూడలేదని చెప్పడం నాకు ఒక్క మాట. ఈవేళ దాకా అయితే చెప్పేవాణ్ణి.”

“అంటే?”

“నేను చొక్కా పట్టుకున్నప్పుడు జేబులో కాయితం నలిగింది. నేనడిగిన దానికి వాడు వెంటనే జవాబు చెప్పలేదు. ముందు ఆ కాయితం తీసి సాపు చేశాడు.”

“అయితే నేను రాసింది మీకు తెలుసు. పెళ్ళికి ముందు నుంచీ తెలుసు.”

“తెలుసు.”

“ఆయన చదివి ఏమన్నారు? అంత పుణ్యం కట్టుకోండి. ఏమీ అనలేదా? ఆయన ఏమీ అనని మనిషే, నాకు తెలుసు.”

“అన్నాడు. ఇంటికి వెళ్ళింది నీ కోసమేనట. గదిగదీ వెతికితే ఉత్తరం దొరికిందట. నాకు చూపించి, ‘మా ఆవిడ పన్నెండింటి బస్సుకే వెళ్ళిపోయిందిరా, బతికిపోయింది’ అన్నాడు. వాడు నవ్వడం నేను చూసింది అదే ఆఖరు. ‘ఇంక కింద నేను వెతకాల్సిన మనిషి ఎవరూ లేరు, మీ ఆవిడ కొట్లో ఏ వైపు కూర్చుందో చెప్పు’ అన్నాడు.”