పేరు చెప్తేనే తొవ్వ

"అమ్మమ్మా, తాత నిన్ను ఏమని పిలిచేటోడు?" అని అడిగితివి. ఆగు బిడ్డా. ఇప్పుడే నోటిదాక వచ్చినట్టయ్యి పోయింది. మొదటి నుంచి చెప్పుకుంట వస్తే యాడనో ఒక కాడ దొరుకుతదేమో. ముందుది ఎనకకు, ఎనకది ముందుకు అయితే ఏమనుకోకు, ఈ మధ్య నాకు వరుస నిలుస్తలేదు. ఫోన్ల రికార్డు అయితుందా? అవ్, కానియ్.

మీ తాత ఎవ్వరినీ అసలు పేరుతోని పిలువలే. మనిషి కనబడంగనే ఒక పేరు తగిలించేటోడు. మీ అమ్మ చిన్నప్పుడు ఉప్పుబస్తా. చినుకు పడితే చాలు కరిగిపోతున్నట్టు ఏడ్చేది, సంకెక్కితే దిగేది కాదు. మా ఎడ్లు రెండిట్ల ఒకటి మామ, ఒకటి అల్లుడు. మామ గుంజేది, అల్లుడేమో తినుడు, పండుడు. "అల్లుడుగారూ, జర లేస్తరా, మామ ఒక్కడే దున్నుతుండు" అని ఆ ఎద్దు ముంగట చేతులు కట్టుకొని నిలబడేటోడు. ఒకపాలి మా నాయన అక్కడ్నే ఉన్నడు. "నాకు దొరికిన అల్లుడే నయం, దున్నుతడు, నోరే ఆగదు" అన్నడు.

తల్లాడ కాడ మా వాటాకు వచ్చిన చెలక చాలక చర్ల దిక్కు భూమి కౌలుకు పట్టినం. మీ అమ్మ పుట్టకముందు... కాదు కాదు, పుట్టినంకనే. ఉప్పుబస్తాను బండి మీద కూసోబెట్టుకొని పోయినం గదా. బస్సు కిరాయి అప్పుడు రెండు రూపాయలో ఏమో, అది సుత లేక బండి కట్టినం. మిరపతోట ఏసినం. వాన మొఖం చాటేస్తే కావిడితోని నీళ్లు మోసి మొక్కమొక్కకు పోసేటోడు. భుజం మీద కాయ కాసి రాయి లెక్క అయింది. కాయ ఏరే కాలంల అడవి ఊళ్ల నుంచి కోయ ఆడోళ్లు వచ్చేటోళ్లు. ఘాటుకు అందరం దగ్గుతుంటే, "ఎవరు మంచిగ దగ్గితే వాళ్లకు బెల్లం గడ్డ" అని పందెం పెట్టేటోడు. వాళ్లల్ల ఒక ముసలామె గట్టు మీద కూసోని అందరికి పని చెప్పేది. ఆమె కలెక్టరమ్మ. మీ తాత పోయినంక ఆమె నా పక్కన కూసోని, "ఇగ నన్ను కలెక్టరని ఎవరంటరు" అని ఏడ్చింది.

చూసినవా, అందరి పేర్లు యాదికున్నయి. నాదే లేదు.

అది పెట్టింది పెండ్లినాడు. ఇంట్లకు పోంగ తలుపు కాడ ఆడబిడ్డ అడ్డం నిలబడతది గదా, మొగుని పేరు పెండ్లాం, పెండ్లాం పేరు మొగడు చెప్తేనే తొవ్వ ఇడుస్తరు. ఇప్పుడు కారేపల్లిల ఉన్న సరోజ, మీ తాత చెల్లె, రెండు చేతులు చాపి నిలబడ్డది. "నేనూ సత్తెమ్మా వచ్చినం, జల్ది ఇడువు, ఆకలైతుంది" అని మీ తాత ఒక్క ఊపుల చెప్పిండు. నాకు నోరు రాలే. కాళ్లు గుంజేదాక నిలబడ్డ. ఆఖరికి సరోజ చెవుల చెప్పిన. నేను అట్ల బిగుసుకపోయిన దాని మీదనే మీ తాత ఏదో పేరు కట్టిండు, అందరు పడి పడి నవ్విన్రు. ఆనాటి నుంచి నాకు అదే పేరు.

నేను బడికి పోలే. సరుకులు కట్టిచ్చిన పేపరు ముక్కలు చూసుకుంట చదువు నేర్చుకున్న. మీ తాత అన్నం తినుకుంట చదవమనేటోడు. వార్త సగంల చినిగి ఉంటే మిగిలిన సగం ఆయననే కల్పించి చెప్పేటోడు. నోటుబుక్కుల అన్ని రాసుకున్న, ఏ బర్రె ఎప్పుడు ఈనిందో సుత. ఆ పేరు రాయలే. సిగ్గు. రోజుకు వందసార్లు చెవుల పడే మాట ఎవరన్న రాసుకుంటరా?

మిరపనారు నాటే రోజులు. మీ తాతకు చలిజరం వచ్చింది. మూడొద్దులు దాంతోనే తోటకు పోయిండు. "వణుకుతుంటే పని జల్ది అయితుంది" అన్నడు. నాలుగోనాడు లేవలే. మంచం మీద పండబెట్టి నలుగురు మోసుకుంట భద్రాచలం దవాఖానాకు బయల్దేరినం. బస్సు వాగు అవతల్నే ఆగుతది. "నిమ్మలంగ మోయున్రి, నేనేమన్న మిరప బస్తానా, అమ్మితే ధర పలుకనీకి" అన్నడు. నవ్వినం. నేను సుత నవ్విన.

వాగు నిండ పారుతుంది. ఒడ్డున మంచం దించి కూసున్నం. పొద్దు నడినెత్తికి వచ్చినంక "సత్తెమ్మా" అన్నడు. పద్నాలుగేండ్ల కాపురంల ఆయన నోట నా పేరు, తలుపు కాడ ఒకసారి, వాగు కాడ ఒకసారి. "ఆనాడు పేరు చెప్పేదాక సరోజ తొవ్వ ఇడువలే. ఈ వాగు సుత గట్లనే నిలబడ్డది. నా పేరు చెప్పు సత్తెమ్మా, ఇడుస్తదేమో" అన్నడు. పండ్లు కొట్టుకుంటున్నయి, మొఖం మాత్రం నవ్వు మొఖమే.

నేను చెప్పలే బిడ్డా. మొగుని పేరు ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతదని మా అమ్మ అనేది. ఆయుష్షు కాపాడుదామని నోరు మూసుకున్న. మాపటికి నీళ్లు తగ్గినయి. అప్పటికే...

చెప్తే వాగు ఇడుస్తుండె అని కాదు. గంత తెలివి తక్కువదాన్ని కాదు. అడిగిండు, ఇయ్యలే. గంతే.

ఇప్పుడు రోజు అంటున్న. పొద్దున లేవంగనే, మొఖం కడగకముందే. నర్సయ్య. నర్సయ్య. అది సుత ఎక్కడ పోతదోనని భయం. పిలిస్తే పలికేటోడు లేడు, ఉత్తగ అనుడే.

సరోజకు ఫోన్ చెయ్. నేను చెప్పిన పేర్లన్ని ఆమెకు వినిపియ్యి, ఎడ్లయి, కలెక్టరమ్మది, తప్పుంటే దిద్దమను. ఆమెకు చెవులు సరిగ వినబడయి, గట్టిగ అడుగు. ఆనాడు తలుపు కాడ ఉన్నది ఆమెనే, నా పేరు ఆమెకే ఎరుక ఉండాలె. ఆమెకు సుత యాదికి లేదంటే నాకు చెప్పకు బిడ్డా. ఫోన్ కలుస్తలేదు అను.