లారీని లాగిన స్క్రూ

పళ్ళ డాక్టరు గది బయట బెంచీ మీద క్లారినెట్టు దిగాలుగా కూర్చున్నాడు. బ్యాండులో వాయించేది అదే కనక అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ముందు పన్ను ఊడిన చోట కొత్తది బిగించడానికి నిన్ననే దవడలోకి స్క్రూ దించారు. ఎముక దాన్ని పట్టుకునేదాకా మూడు నెలలు వాయిద్యం ముట్టొద్దన్నారు. ఆదివారం పెద్ద కచేరీ. వెళ్తే స్క్రూ ఊడొచ్చు, వెళ్ళకపోతే బ్యాండు మాస్టారు ఇంకొకణ్ణి పెట్టుకుంటారు.

"మూడు నెలలా!" పక్కనున్న లేతు బాబాయి పకపకా నవ్వాడు. ముప్పై ఏళ్ళు లేత్ మిషను మీద ఇనుము చెక్కిన మనిషి. మాటల్ని మాత్రం ఎన్నడూ చెక్కలేదు, వచ్చినవి వచ్చినట్టే వదిలేస్తాడు. "నాకు మూడు రోజులు చాలాయి అబ్బాయ్. ఒంట్లోకి కొత్త వస్తువు రాగానే కణాలన్నీ చుట్టూ మూగి, ఎవడ్రా నువ్వు అని ఆరా తీస్తాయి. నచ్చకపోతే పొర కట్టి వెలేస్తాయి. మరి నా కణాలో? స్క్రూని చూడగానే కుర్చీ వేశాయి! సాయంత్రానికల్లా ఎముక చిగురేసి స్క్రూ మెలికల చుట్టూ అల్లుకుంది."

"ఎలా తెలిసింది బాబాయిగారూ?" ఆశగా అడిగాడు క్లారినెట్టు.

"చప్పుడు వినపడదూ! పక్క వాటావాళ్ళు తలుపు కొట్టి, ఏం మరమ్మతులండీ అన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో రోజు డాక్టరు బిగింపు చూద్దామని స్పానరు వేసి తిప్పాడు. స్క్రూ తిరగలేదు, డాక్టరు తిరిగాడు."

"ఎన్ని చుట్లు?" అన్నాడు ఎదుటి బెంచీ టైలరు, కొలత రాసుకునేవాడిలా.

"రెండున్నర. నర్సు పట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఎముక అక్కడితో ఆగిందా? రుచి మరిగింది! నోట్లో చెంచా పెడితే తిరిగిచ్చేది కాదు. మూడో రోజు మా వీధి మలుపులో లారీ బురదలో దిగబడింది. తాడు ఈ స్క్రూకి కట్టండ్రా అన్నాను."

"లారీ వచ్చిందా?" అన్నాడు క్లారినెట్టు.

"లారీ వచ్చింది, దాని వెంట రోడ్డూ వచ్చింది. మా వీధి ఇప్పటికీ నాలుగడుగులు ఇటు జరిగే ఉంది. నువ్వు దర్జాగా వెళ్ళి వాయించు!"

క్లారినెట్టు మొహం వెలిగింది. మాస్టారికి చెబుదామని ఫోను తీశాడు.

అంతసేపూ పత్రిక తిరగేస్తున్న పిన్ని, అంటే బాబాయి భార్య, ఆ ఫోను చూసి సంచీలోంచి మాత్రల డబ్బా తీసి మూత విప్పింది. లోపల దూది మీద చిన్న స్క్రూ.

"లారీని లాగింది ఇదే బాబూ. ఇవాళ పొద్దున పాలల్లో నానేసిన బ్రెడ్డుతో పాటు బయటికొచ్చింది. పెట్టించుకున్న మూడో రోజే బాదంపప్పులు కొరికారు. అది కదిలిపోయి, ఎముక పట్టాల్సిన చోట మెత్తటి కండ పేరుకుందట."

టైలరు పైకప్పు కేసి చూశాడు. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"లారీ లాగాక ఆ మాత్రం వదులవదూ?"

క్లారినెట్టు అప్పటికే ఫోనులో ఉన్నాడు. "మాస్టారూ, మూడు నెలలు నేను రాలేనండీ... ఏం చెయ్యమంటారు, నాది ఉత్త మామూలు మనిషి ఎముక."