ఎర్రకోడి కింద పదకొండు గుడ్లు

(అమెరికాలో బాతెల్ అనే ఊరు. ఇంటి వెనక కోళ్ళగూడు దగ్గర అనంతలక్ష్మి, ఆమె కోడలు స్రవంతి.)

"...ఇది పదకొండోది. అన్నీ ఒకే సైజున్నాయేంటే అమ్మాయ్, అచ్చు పోసినట్టు?"

"ఏమో అత్తయ్యా. వాళ్ళవి అలాగే ఉంటాయేమో."

"ఒక్కదానికీ రెట్ట మరక లేదు."

"కడిగి ఇస్తారిక్కడ."

"పొదగేసే గుడ్లని కడుగుతారా ఎవరైనా! సర్లే, వాళ్ళ పద్ధతి వాళ్ళది. గోరువెచ్చగా ఉన్నాయి, అది నయం. ఎంత దూరమన్నావు ఆ ఫార్మ్?"

"నలభై నిమిషాలు."

"పుంజు ఉందా వాళ్ళ దగ్గర? కళ్ళారా చూశావా?"

"ఉంది."

"ఎలా ఉంది?"

"పుంజులాగే ఉంది."

"బాగానే చెప్పావులే! ఇదిగో, ఈ ఎర్రదాన్ని చూడు. నాలుగు రోజుల్నుంచి ఖాళీ గూట్లో కూర్చుంది పిచ్చిమొహంది. తిండి లేదు, నీళ్ళు లేవు. పుంజు లేని ఇంట్లో పెట్టిన గుడ్లు మనం తినేశాం, ఇంక దేని మీద కూర్చున్నట్టు?"

"పుంజుని పెంచితే పక్కింటివాళ్ళు కంప్లైంట్ ఇస్తారు అత్తయ్యా. కూస్తుందని."

"తెలుసులేవే, వాడు చెప్పాడు. ఈ కోళ్ళని తెచ్చిందీ వాడే, నీ నెత్తిన పెట్టి కాలిఫోర్నియా వెళ్ళిందీ వాడే. ఇంతకీ ఏమంటున్నాడు మీ ఆయన? అక్కడి డబ్లిన్‌లో ప్రాజెక్టు ఎప్పటికవుతుందట?"

"ఆర్నెల్లన్నారు."

"తల్లి వచ్చే వారం ముందే పడాలా ఆర్నెల్ల పని? నేనొచ్చాక ఒక్క శనాదివారం వచ్చి మొహం చూపించి పోయాడు."

"ఆఫీస్ వాళ్ళు రమ్మన్నప్పుడు వెళ్ళాలి కదా."

"ఊఁ. సరే, ఒక బొగ్గుముక్క కావాలి. ఇనప మేకు కూడా."

"ఎందుకు?"

"గుడ్ల పక్కన పెడతారే. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా."

"ఇక్కడ వానే అత్తయ్యా. ఉరుములు పెద్దగా రావు."

"రాకపోతే మంచిదేగా. మేకుకేమైనా అన్నం పెట్టాలా మనం?"

"గరాజ్‌లో గ్రిల్ బొగ్గులున్నాయి. తెస్తాను."

"ఆగు, ముందు దీన్ని కాస్త ఎత్తి పట్టుకో, గుడ్లు సర్దుతాను. మెల్లిగా... అయ్యో, పొడిచిందే! ఏదీ చెయ్యి? రక్తం వస్తోంది!"

"పర్లేదు."

"నొప్పి పుట్టలేదా?"

"తెలీలేదు."

"తెలీకపోవడమేంటి, అంత లోతున దిగితే! పసుపు పెట్టుకో లోపలికెళ్ళి. ఇవాళ్టి నుంచి లెక్క. ఇరవై ఒకటో రోజుకి పిల్లలు. ఆ తర్వాత రెండో రోజు నా విమానం. పిల్లల్ని చూశాకే కదులుతాను నేను."

"అలాగే అత్తయ్యా."

"ఏది చెప్పినా అలాగే. ఎదురు చెప్పవేంటే ఒక్కదానికీ?"

"అలాగే... అదే, చెబుతాను."

(ఆరో రోజు. ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో, కార్‌లో కూర్చుని స్రవంతి ఫోన్ మాట్లాడుతోంది. అవతల భర్త ఉమాకాంత్.)

"అమ్మకేం చెప్పలేదు కదా?"

"లేదు."

"లాయర్ మెయిల్ చూశావా? డివోర్స్ పేపర్స్ ఫైల్ అయ్యాయి. తొంభై రోజుల వెయిటింగ్ పీరియడ్, ఆ తర్వాత జడ్జ్ సైన్ చేస్తే ఫైనల్."

"చూశాను."

"ఆర్ యూ ఓకే?"

"బాగానే ఉన్నాను. లంచ్ టైమ్ అయిపోతోంది."

"ఏదో ఒకటి అను స్రవంతీ. తిట్టు. నువ్విలా మాట్లాడుతుంటే నాకు భయమేస్తోంది."

"ఏమనాలి? ఏమీ అనిపించట్లేదు ఉమా. నిజంగా. ఏడేళ్ళ పెళ్ళికి సంతకం పెట్టేసి బయటికొచ్చి, కార్ తాళాలు ఏ జేబులో పెట్టానా అని వెతుక్కున్నాను. అంతే."

"అమ్మ ఎప్పుడు ఫోన్ చేసినా కోడిగుడ్ల గురించే. నువ్వు ఫార్మ్‌కెళ్ళి తెచ్చావని..."

"వెళ్ళలేదు."

"మరి?"

"ఫార్మ్‌కని చెప్పి లాయర్ ఆఫీస్‌కి వెళ్ళాను. సంతకాలయ్యేసరికి ఫార్మ్ మూసేసే టైమయింది. దార్లో గ్రోసరీలో ఒక డజన్ బ్రౌన్ ఎగ్స్ కొన్నాను, కార్‌లో పెడుతుంటే ఒకటి పగిలింది. చల్లగా ఉంటే ఫ్రిజ్‌లోవని తెలిసిపోతుందని పక్క సీట్లో పెట్టి సీట్ హీటర్ వేశాను."

"షాపు గుడ్లు పిల్లలవుతాయా?"

"అవ్వవు. పుంజు లేని గుడ్లు మూడేళ్ళు పొదిగినా అవ్వవు."

"తెలిసి ఎందుకు పెట్టావు మరి?"

"ఖాళీ చేతుల్తో ఇంటికెళ్తే ఇంతసేపూ ఎక్కడున్నావంటారు."

"పోనీ గుడ్ల సంగతైనా చెప్పెయ్. పాపం ఎదురు చూస్తోంది."

"గుడ్ల సంగతి చెబితే ఆ రోజు ఎక్కడున్నానో చెప్పాలి. అది చెబితే ఇంకోటి చెప్పాలి."

"అందుకే కదా, తను ఫ్లైట్ ఎక్కాక నేనే చెబుతానన్నాను."

"ఎక్కాక. ఎక్కాక ఆవిడ నాకేమవుతారు ఉమా?"

"అంటే?"

"మా అమ్మ పోతే దినాలయ్యేదాకా నా పక్కన పడుకున్న మనిషి. ముప్పై ఆరేళ్ళదానికి రోజూ తల దువ్వుతున్నారు. నువ్వు పోతే పోయావు, నాకేమీ అనిపించట్లేదు. ఆవిడ పోకూడదు. ఆవిడ కూడా పోతే నాకింక ఎవరూ లేరు."





"నన్నేం చెయ్యమంటావు స్రవంతీ?"

"ఏమీ వద్దు. పెట్టేస్తున్నాను, మీటింగ్ ఉంది."

(ఏడో రోజు సాయంత్రం. వంటింట్లో అత్తాకోడళ్ళు.)

"ఫోన్ లైటేసి చూద్దామే. ఏడు రోజులైంది, గుడ్లలో నరాలు కనబడతాయి."

"వద్దత్తయ్యా. కదపకూడదట."

"ఎవరన్నారు?"

"యూట్యూబ్‌లో."

"యూట్యూబ్ పుట్టకముందు నుంచి కోళ్ళని పొదగేయిస్తున్నాను నేను! లాంతరు ముందు పెట్టి చూసేవాళ్ళం."

"రేపు చూద్దాం. తలనొప్పిగా ఉంది."

"నిన్న కూడా రేపన్నావు."

"రేపు."

"అసలు ఆ ఎర్రదాని కిందకి ఒక్కసారైనా తొంగి చూశావా? పెరట్లోకే రావట్లేదు నువ్వు."

"ఆఫీస్‌లో పని అత్తయ్యా."

"రెండిళ్ళవతల నీహారిక వచ్చింది పొద్దున. మంచి పిల్ల. ఇంట్లోంచే ఉద్యోగమట. ఎక్కడికైనా వెళ్ళాలంటే కార్‌లో తీసుకెళ్తానంది."

"ఎక్కడికెళ్తారు మీరు?"

"ఎక్కడికెళ్తాను, ఏ గుడికో. ముందు అన్నం తిను. పప్పులో ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

"ఉప్పు వెయ్యలేదే నేను! ఇప్పుడే గుర్తొచ్చింది. సగం కంచం తిన్నావు, తెలీలేదా?"

"ఓ. పర్లేదు."

(పదిహేనో రోజు. స్రవంతి కింద కూర్చుంది. అనంతలక్ష్మి సోఫాలో కూర్చుని ఆమె తలకి నూనె రాస్తోంది.)

"సూట్‌కేసులు దించమంటారా? తూకం చూసుకోవాలి."

"చూద్దాంలే."

"వారమే ఉంది అత్తయ్యా."

"ఉందిగా వారం. తల కదపకు. ఎర్రదాని రొమ్ము చూశావా, ఈకలూడిపోయి ఎర్రగా అయింది. రోజుకొక్కసారి లేస్తుంది, నాలుగు గింజలు గబగబా మింగి పరిగెత్తుతుంది మళ్ళీ."

"దానికి తెలీదు కదా."

"ఏం తెలీదు?"

"ఏం లేదు."

"ఏదో అనబోయావు."

"ఏం లేదత్తయ్యా."

"నాతో ఏమైనా చెప్పాలా నీకు?"

"లేదు."

"పోనీ ఆ నీహారికతో అయినా చెప్పుకుంటావా మనసులో మాట?"

"ఏముంది చెప్పుకోడానికి. అంతా బాగానే ఉంది."

"సరే. జడ వెయ్యనా, ముడి పెట్టనా?"

"ఏదైనా."

(ఇరవై ఒకటో రోజు పొద్దున. కోళ్ళగూడు దగ్గర.)

"లోపలికి రండత్తయ్యా. చలిగా ఉంది."

"ఉండవే కాసేపు. నువ్వు ఆఫీస్‌కెళ్ళలేదేం?"

"లీవ్ పెట్టాను. మీకో మాట చెప్పాలి."

"చెప్పు."

"అవి... పిల్లలవ్వవు."

"ఏవి?"

"గుడ్లు. నేను ఫార్మ్‌కి వెళ్ళలేదు. పుంజునీ చూడలేదు. షాపులో కొన్న గుడ్లవి. మీకు అబద్ధం చెప్పాను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? తిట్టండి."

"కోడిని ఎత్తు."

"ఇప్పుడెందుకు..."

"ఎత్తమంటున్నానా! రెక్కల కింద చేతులు పెట్టి... ఆఁ, అలా. పొడవనీ. ఏం కనబడుతోంది కింద?"

"గుడ్లు. బొగ్గుముక్క. అత్తయ్యా, ఇవి నేను తెచ్చినవి కాదు."

"కాదు."

"ఒకటి నీలంగా ఉంది. ఇదేమో తెల్లగా, మట్టంటుకుని... ఎక్కడివివి?"

"ఫార్మ్‌వి. నలభై నిమిషాలు కాదు, అరగంటే. ఎనిమిదో రోజు నువ్వటు ఆఫీస్‌కెళ్ళగానే నీహారిక నన్ను తీసుకెళ్ళింది. పుంజుని చూశాను. ఇంత తురాయి వేసుకుని మీదకొచ్చింది వెధవది."

"మీకెలా తెలిసింది?"

"నువ్వు చేతికిచ్చినప్పుడే అనుమానం. ఆ పొద్దున నీహారిక ఫోన్ లైటేసి చూశాం. పదకొండూ బల్బుల్లా వెలిగాయి, ఒక్కదాంట్లో నరం లేదు."

"నన్ను అడగలేదేం మరి?"

"అడిగితే అప్పుడూ పుంజులాగే ఉందనేదానివి."

"ఆ గుడ్లేం చేశారు?"

"గులాబీ చెట్టు కింద పాతేశాను. పులుసు పెట్టి తినిపించాననుకున్నావా? ఫోన్ తియ్యి. లైటెయ్యి. ఆ నీలందాని కింద పెట్టు. గుప్పిట్లో మూసి పట్టుకుని చూడు. ఏముంది?"

"నల్లగా ఏదో ఉంది. చుట్టూ ఎర్రటి దారాలు."

"చూస్తూ ఉండు."

"కదిలింది."

"ఊఁ."

"కదిలిందత్తయ్యా. మళ్ళీ కదిలింది."

"చూశావుగా, ఇంక పెట్టెయ్, చల్లారిపోతుంది. ఇంకా ఎనిమిది రోజులుంది దానికి."

"ఎనిమిదా? మీ విమానం ఎల్లుండే కదా!"

"ఆపించేశాను. నీహారిక కంప్యూటర్‌లో ఏదో నొక్కింది, అయిపోయింది."

"కోడిపిల్లల కోసం టికెట్ మానుకున్నారా?"

"ఆ రోజు ఫార్మ్‌కెళ్ళకపోతే ఎక్కడికెళ్ళావని అడగలేదు నేను."

"అడగండి."

"అక్కర్లేదు. కాలిఫోర్నియాకి ఆర్నెల్ల పనికెళ్ళేవాడు మంచుకోటు పట్టుకెళ్తాడటే? నేనొచ్చిన రోజే వాడి అల్మరా తెరిచి చూశాను. ఒక్క చొక్కా లేదు. నువ్వే చెబుతావని ఆగాను. ఆగాగి పోయిన వారం వాణ్ణే అడిగాను. అరగంట నసిగి ఒప్పుకున్నాడు."

"నాతో అనలేదు తను."

"నేనే అనొద్దన్నాను. నా కడుపున పుట్టాడు, ఏం చెయ్యను, కానీ నాకు వాడి మీద ఒళ్ళు మండుతోంది."

"తన తప్పొక్కటే కాదత్తయ్యా. ఇద్దరికీ మాటల్లేకుండా పోయాయి. ఎప్పుడు పోయాయో కూడా గుర్తు లేదు."

"అది మీ ఇద్దరి గొడవ. నేను వేలు పెట్టను."

"మరి నేను..."

"ఏంటి?"

"ఇంకో రెండు నెలలు దాటితే నేను మీకేమీ కాను కదా."

"ఎవరన్నారు?"

"కోర్టు."

"ఆ కాయితాల మీద నా సంతకం ఉందా?"

"లేదు."

"నన్నెవరైనా పిలిచి అడిగారా?"

"లేదు."

"మరి! వాడూ నువ్వూ సంతకాలు పెట్టుకుంటే మీ ఇద్దరిదీ తెగింది. నాది ఎవరడిగారని తెగుతుంది?"

"అత్తయ్యా..."

"కోడిని దింపు ముందు. పాపం, గిలగిల్లాడుతోంది నీ చేతుల్లో. మెల్లిగా. చూడు, ఎలా సర్దుకుంటోందో."

"అయితే ఎనిమిది రోజులాగి వెళ్తారా? పిల్లలొచ్చాక?"

"పిల్లల్ని ఇది చూసుకుంటుంది. నాతో పనేముంది వాటికి?"

"మరెప్పుడు?"

"ఇంకా మూణ్ణెల్లు ఉండొచ్చట నేనిక్కడ. నీహారిక చూసి చెప్పింది."

"మూణ్ణెల్లూ ఉంటారా?"

"నాకేం తెలుసు? ఏడేళ్ళ కాపురం పోయింది, నీ కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. నువ్వు ఏడ్చిన మర్నాడు విమానమెక్కుతాను."