ఎడమ పక్క పళ్ళు

ఎవరి గురించీ, హాల్‌వర్ గురించా? ఆయన సంగతి నీకెవరు చెప్పారు? కూర్చో అమ్మాయ్, ఆ చీజు ముక్క కాఫీలో వేసుకో, నానితేనే రుచి. ఆ రికార్డింగు మిషను మాత్రం ఇప్పుడే నొక్కకు. రాజధానిలో పెద్ద కాలేజీ నుంచి వచ్చాడాయన, ఈ మంచుదేశంలో రెయిన్‌డీర్లు మేపుకునే మా సామీ జనం గురించి పుస్తకం రాస్తానని. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. రెయిన్‌డీర్‌ని పట్టుకోమంటే అదే ఈయన్ని మంచులో ఈడ్చుకుపోయేది, పాపం. వచ్చిన రోజే మా నాన్నని "మీకెన్ని రెయిన్‌డీర్లు?" అనడిగాడు. ఎవరైనా అడిగే మాటేనా అది? బ్యాంకులో డబ్బెంతుందని అడిగినట్టే కదా మాకు! మా నాన్న తక్కువవాడా, "చెట్టుకి ఆ పక్క కొన్ని, ఈ పక్క కొన్ని" అన్నాడు. ఈయన అదే రాసేసుకున్నాడు! మా అమ్మ మాత్రం నవ్వలేదు. "నాయనా, నీకంటే ముందొచ్చినవాళ్ళు మాది తక్కువ జాతని తేల్చడానికి మా తలలు కొలిచారు. అది చాలక సమాధులు తవ్వి మా అమ్మ పుర్రె పట్టుకుపోయారు. మీ కాలేజీలోనే ఉందట. అది తెచ్చివ్వు, తర్వాత ఏమడిగినా చెప్తాను" అంది. మర్నాడే వెళ్ళిపోయాడు. ఇంకేం వస్తాడులే అన్నాడు నాన్న.

వచ్చాడమ్మా! మంచింకా కరగలేదు, పుర్రెని శాలువాలో చుట్టి, చంటిబిడ్డనెత్తుకున్నట్టు ఎత్తుకుని. అడిగితే ఇవ్వలేదట, చెప్పకుండా తెచ్చేశాడు. ఉద్యోగం ఊడింది, పుస్తకం అటకెక్కింది. "పెట్టె మీద మీ ఊరి పేరే ఉందమ్మా" అని మా అమ్మ చేతిలో పెట్టాడు. అమ్మ పళ్ళు తడిమి చూసింది. మేం బూట్లు కుట్టే దారం కోసం రెయిన్‌డీర్ నరాన్ని పళ్ళతోనే చీలుస్తాం కదా, చీల్చే పక్క అరిగిపోతాయి. మా అమ్మమ్మకి ఎడమ పక్క. దీనికి కుడి పక్క అరిగింది. ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. మా అమ్మేమో, "లే నాయనా. ఎవరి అమ్మో ఒకరి అమ్మ, ఇంటికొచ్చింది కదా" అంది. నేల మెత్తబడేదాకా మా బట్టల పెట్టెలోనే పడుకుందావిడ. తర్వాత పాతిపెట్టాం. పేరు తెలీదు, అయినా ఏటా పూలు పెడతాను.

ఆయన పోయేదాకా మా అమ్మమ్మ కోసం ఆ కాలేజీకి అర్జీలు పెడుతూనే ఉన్నాడు. క్రిస్మస్‌కి ఉత్తరం వచ్చేది, చివర ఎప్పుడూ ఒకటే మాట: "ఎడమ పక్కావిడ లోపలే ఉంది. నాకు తలుపు తియ్యడం లేదు." అమ్మ పోయాక నాకు రాసేవాడు. అంత మంచివాణ్ణి మళ్ళీ చూళ్ళేదు నేను. ఏమిటీ, తల దించుకున్నావేం? నువ్వూ ఆ కాలేజీయే అన్నావు కదూ? నీకు తలుపు తీస్తారు. మిషను సంచిలో పెట్టుకో అమ్మాయ్. ముందు పళ్ళు చూసిరా.